మందు అమ్మకు, పథ్యం అవ్వకు

మొన్న నెల్లూరులో డాక్టరు దగ్గరికి పోయినాను. పెద్ద విశేషమేమీ కాదు, ఎనభై దాటిన ఒంటికి అప్పుడప్పుడూ చేయించవలసిన మరమ్మతులే. ఆ అమ్మాయి, అంటే డాక్టరే, నా మనవరాలి ఈడుది, చీటీ రాసి చేతికిచ్చి ఇంకేమన్నా అడగాలా అన్నట్టు చూస్తే, అలవాటు కొద్దీ పథ్యం ఏమిటమ్మా అని అడిగినాను. పథ్యమేమీ లేదు, అన్నీ తినొచ్చునని నవ్వుతూ చెప్పింది. నాకెందుకో మోసపోయినట్టనిపించింది. వంకాయ వద్దనలేదు, గోంగూర వద్దనలేదు, కనీసం ఆవకాయ మీద కూడా ఒక మాట అనలేదు. ఇంత మెతక మందు నా రోగాన్ని ఏం భయపెడుతుంది? నా ఈడు వాళ్లకు ఈ బాధ అర్థమవుతుందని నమ్మకం. మందంటే చేదుగా ఉండాలి, పథ్యమంటే కఠినంగా ఉండాలి, ఆ రెంటినీ చూసి జడుసుకుని జబ్బు పోవాలి. మనం పెరిగిన వైద్యశాస్త్రం అదే కదా. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ మా అవ్వా, మా అమ్మా, ఒక కడవ నిండా నీళ్లూ కళ్ల ముందు ఆడుతూనే ఉన్నాయి.

మా ఊరు ముత్తుకూరుకు తూర్పున, గాలి మళ్లితే సముద్రం హోరు వాకిట్లోకి వినిపించేంత దూరంలో ఉండేది. నేను చెప్పేది అరవైల నడిమి మాట. ఇప్పుడా వైపంతా పొగగొట్టాలూ బొగ్గు లారీలూ గాని, అప్పుడు వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, వాటికవతల ఇసుక దిబ్బలు, అంతే. సముద్రం మా ఊరికి ఊరికే ఇచ్చేవి రెండు: చేపలూ, చౌడూ. చేపలు తిని బలం తెచ్చుకుని చౌడుతో పోట్లాడటమే మా వాళ్ల వ్యవసాయం. మా నాయన ఆ పోట్లాటలో ఏనాడూ గెలవలేదు, ఓడినానని ఒప్పుకోనూ లేదు. మాట తక్కువ మనిషి. ఆడపిల్లకు బి.ఏ. ఎందుకని ఊరు ఊరంతా అడిగినా జవాబు చెప్పకుండా నన్ను నెల్లూరు హాస్టల్లో చేర్పించి వచ్చినాడు; జవాబు ఆయనకూ తెలియదేమోనని నాకిప్పటికీ అనుమానమే. ఇంటి పెత్తనం ఆయనది కాదు, ఆయన తల్లిది, అంటే మా అవ్వది. అమ్మ ఆమెకు కోడలు కాకముందే మేనకోడలు, సొంత తమ్ముడి కూతురు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఆ సంగతి బయటపడకుండా ఇద్దరూ ఎంతో జాగ్రత్తగా మసలుకునేవాళ్లు. "ఏమ్మే, పులుసులో ఉప్పేసినావా, సముద్రం పక్కనే ఉండాది గదా అని ఊరుకున్నావా?" అని అవ్వ అంటే, "నీ తమ్ముడి పెంపకం అత్తా, ఆయన్నే అడగరాదా" అని అమ్మ అనేది. ఆ పూటకు ముద్దుమురిపం అయిపోయినట్టు.

నలభై దాటినాక అమ్మకు కడుపు ఎత్తుగా రావడం మొదలుపెట్టింది. కడుపెత్తు కావడానికి మా ఊరికి తెలిసిన కారణం ఒక్కటే గనుక, ఈ వయసులో ఇదేం చోద్యమని అమ్మ సిగ్గుపడి గడప దాటలేదు. అవ్వ మాత్రం మనవడు పుట్టబోతున్నాడని లోలోపల మురిసిపోయి పుల్ల మామిడికాయలు తెప్పించింది. నెల్లూరులో లేడీ డాక్టరు చెయ్యి వేసి చూసి, మామిడికాయలు ఆపి మద్రాసు పొమ్మన్నది. మద్రాసు పెద్దాసుపత్రిలో కడుపు కోసి, అండాశయంలో పెరిగిన గడ్డ తీసేసినారు. ఆ గడ్డ పేరు అక్కడి డాక్టరమ్మ నాయనతో ఇంగ్లీషులో చెప్పింది. నాయనకు ఆ మాట తెలియదు గాని, చెప్పేటప్పుడు ఆమె మొహం ఎట్లా ఉన్నదో అది తెలిసింది. మా ఇంట్లో ఆ పేరు ఎవరం పలకలేదు, గడ్డ అనే అనుకునేవాళ్లం. చీకటిపడితే పామును పాము అనకుండా పురుగు అంటామే, ఆ లెక్క.

గడ్డ తాలూకు విత్తనాలేమన్నా కడుపులో మిగిలి ఉంటే మాడిపోవాలని మాత్రలిచ్చినారు. చూడటానికి తెల్లగా, పంచదార పూతతో, పిల్లలు చూస్తే అడిగి తినేటట్టుండేవి. నీళ్లు మాత్రం బాగా తాగాలని, పథ్యం ఏదీ లేదని డాక్టరమ్మ చెప్పిందట. ఎద్దుల సంతల్లో నేర్చుకున్న అరవంతో నాయన ఆ మాటను ఒక్క అక్షరం పోకుండా ఇంటికి మోసుకొచ్చి అవ్వకు అప్పగించినాడు. అవ్వ ఆ మాటను విని పక్కనబెట్టి తన తీర్పు తాను చెప్పింది. కడుపు కోసినారు గనుక కోడలు బాలింతతో సమానం. బాలింతకు నీళ్లు పోస్తే కుట్టు చీము పడుతుంది. మందు మింగి పథ్యం చెయ్యకపోతే ఆ మందు మన్నుతో సమానం. "తొమ్మిది కాన్పులు దాటినదాన్ని. నాకు జెప్పొచ్చినాడు మద్రాసు నుంచి" అని ఒక చూపు చూస్తే నాయన పార భుజాన వేసుకుని చేలోకి పోయినాడు. ఆయనకు ఇంట్లో గొడవైన రోజుల్లోనే చేను బాగుపడేది.

ఆ రకంగా అమ్మకు పాత బియ్యం అన్నం, వేయించిన వెల్లుల్లి కారం, చెవుల్లో దూది, రోజు మొత్తానికి కలిపి గొంతు తడవడానికి ఇన్ని కాచిన నీళ్లు ఏర్పాటైనాయి. మాత్ర రాత్రి పడుకోబోయేముందు, ఒక్క గుక్కతో. ఇదంతా నాకు ఉత్తరాల్లో తెలియలేదు. అవ్వ చెప్తే నాయన రాసే ఉత్తరాల్లో ఎప్పుడూ అంతా క్షేమమే. పరీక్షలైపోయి ఎండాకాలం సెలవులకు ఇల్లు చేరినప్పుడు చూసినాను. అమ్మ మంచం మీద కూర్చుని ఉన్నది. నన్ను చూసి లేవబోయి, లేవడం ఎందుకులే అన్నట్టు మళ్లీ కూర్చున్నది. పెదవులు పగిలి ఉన్నాయి. నోటి నిండా పుండ్లు. అన్నం చూస్తే వాంతి, తిరగమోత వేస్తే వాంతి, మల్లెపూలు తెస్తే వాటికీ వాంతే. నోట్లో ఎప్పుడూ తుప్పు పట్టిన ఇనుప మేకు పెట్టుకున్నట్టుంటుందని చెప్పేది. చేపల వాసన అసలు పడేది కాదు. ఒకప్పుడు చేపలు ఉడుకుతుంటే మూత తియ్యకుండా వాసన పట్టి ఉప్పు తక్కువో ఎక్కువో చెప్పగలిగిన మనిషి.

ఇంకొక సంగతి ఉన్నది, నా తోటి ఆడవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో మరుగంటూ ఉండేది కాదు. పగలంతా దొడ్లో గొడ్లు, పాలేర్లు, వచ్చేపోయే మనుషులు. తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి చెంబు పట్టుకుని పోవాలి, నడుమ ఆపుకోవాలి. ఆపుకోలేనేమోనన్న భయంతో ఆడవాళ్లు మామూలు రోజుల్లోనే నీళ్లు తాగేవాళ్లు కాదు. అమ్మా తన దప్పికను ఆ లెక్కలోనే వేసుకుని నోరెత్తలేదు. తాగకపోతే ఆపుకునే బాధ తప్పుతుందని ఆమె ధైర్యం.

ఒకరోజు తెల్లవారుజామున దొడ్లోకి తోడు పిలిచింది. వెనక్కి వస్తూ తాటిచెట్టు కింద ఆగి, ఒంటికి పోతే మంట అనీ, రక్తం పడుతోందనీ, అది కూడా నిన్నా మొన్నటి మాట కాదనీ, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినంత మామూలుగా చెప్పింది. "గడ్డ కిందికి దిగినట్టుంది. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు మే, ఇంకెన్నాళ్లుంటా?" నా చదువు తర్కశాస్త్రం, చరిత్ర. రెంటిలోనూ వెతికినాను, దొరకలేదు. నా మొహం చూసి ఆమే మళ్లీ అన్నది: "రేపటినుంచి ఆ మాత్రలు మింగను. ఎట్టాగూ చచ్చేదాన్ని, దప్పికతో ఎందుకు చావాల?"

అమ్మ మొండిది కాదు, జీవితంలో దేనికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. అట్లాంటి మనిషి వద్దన్నదంటే ఇక వద్దన్నట్టే. మాత్రలు మింగుతున్నా రక్తం పడుతోంది, మానితే గడ్డ పెరుగుతుంది, ఈ రెంటి నడుమా మూడో దారి ఏదన్నా ఉంటే అది మద్రాసులోనే ఉండాలని నాయనతో చెప్పినాను. ఆయన మారుమాట లేకుండా బండి కట్టినాడు. ముత్తుకూరులో బస్సు, నెల్లూరులో రైలు. అవ్వ కూడా బయలుదేరింది. తాను పథ్యం ఎంత కట్టుదిట్టంగా చేయించిందో డాక్టరమ్మకు స్వయంగా చెప్పాలని ఆమె ఉద్దేశం.

చెప్పింది కూడా. డాక్టరమ్మ నడివయసు మనిషి, అరవం కలిసిన తెలుగు, గట్టి గొంతు. నీళ్లు ఎన్ని తాగుతున్నావని అమ్మను అడిగితే, అమ్మ తల తిప్పి అవ్వను చూసింది. అవ్వ ముందుకు జరిగి, పిల్లవాడు బడిలో పద్యం అప్పజెప్పినంత గర్వంగా, "చుక్క ఎక్కువ తాగనియ్యలేదమ్మా, నేనున్నానుగా" అన్నది. డాక్టరమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బల్ల మీదున్న గ్లాసు నిండా నీళ్లు పోసి అమ్మ చేతికిచ్చింది. అమ్మ గ్లాసు పట్టుకున్నది గాని పెదవి దాకా ఎత్తలేదు. మళ్లీ అవ్వ వైపే చూసింది. నోరు ఎండిపోయి ఉన్నది, చేతిలో నీళ్లున్నాయి, అనుమతి కోసం చూస్తున్నది. చాలాసేపటికి అవ్వ "తాగు" అన్నది. ఆ మాట అంత చిన్నగా ఆమె నోట్లోంచి రావడం నేను అంతకుముందు వినలేదు.

అమ్మ తాగుతుండగానే డాక్టరమ్మ అవ్వకు చెప్పింది. ఈ మందు తన పని తాను చేసి మూత్రంలో పోతుంది, పోయేటప్పుడు నీళ్లు చాలకపోతే మూత్రపు సంచిలోనే నిలిచి పుండు చేస్తుంది, ఆ రక్తం గడ్డది కాదు, మందుది. అందుకని మాత్ర పొద్దున్నే మింగాలి, పగలంతా నీళ్లు తాగాలి, వచ్చినప్పుడల్లా పోవాలి, ఆపుకోకూడదు. అవ్వ కళ్లు చిట్లించి విని, నాయన వైపు తిరిగి, "చౌడు కడిగినట్టా?" అన్నది. నాయన తలూపినాడు. "నీళ్లు పెట్టాల, నిలవనియ్యకుండా వదలాల. నిలిస్తే ఉప్పు మళ్లా పైకొస్తాది." అంతేనా అని డాక్టరమ్మను అడిగింది. చౌడు సంగతి తెలియకపోయినా అంతేనని ఆమె ఒప్పుకున్నది. "ఈ మాట మొదటే ఇట్టా చెప్పి ఉంటే అయిపొయ్యేది గదమ్మా, నీళ్లు తాగమంటే ఎవురికి అర్థమవతాది?" అని అవ్వ డాక్టరమ్మను మందలించి లేచింది.

పుండు మానేదాకా మాత్రలు ఆపి, తర్వాత కొంచెం తగ్గించి మళ్లీ మొదలుపెట్టమన్నారు. కాని అమ్మ సరేననలేదు, కాదనలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నది. తిరుగు రైల్లో గూడూరు దాటేదాకా అవ్వ కూడా మాట్లాడలేదు, అది మా కుటుంబ చరిత్రలో పెద్ద విశేషం. అప్పుడు ఉన్నట్టుండి, పథ్యం లేని మందు పనిచెయ్యదు, కోడలు చెయ్యకూడదని ఆ మహాతల్లి అన్నది గనుక పథ్యం తానే చేస్తానని ప్రకటించింది. నాయన ఎన్నడూ లేనిది నోరు తెరిచినాడు. "నువ్వు పథ్యం చేస్తే ఆమెకెట్టా పనిచేస్తాదమ్మా?" అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఎద్దుకు జబ్బు చేస్తే కొండకు నడిచొస్తానని మొక్కుకున్నావే. నడిచింది నువ్వు. లేచింది ఎద్దు. అదెట్టా?" నాయన నోరు మూసుకున్నాడు. తర్కశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్న దాన్ని నేను. దీనికి జవాబు మా పాఠ్యపుస్తకంలో లేదు. పక్క బల్ల మీద కూర్చున్న ఆయన మాత్రం నిజమే కదా అన్నట్టు నాయన వైపు జాలిగా చూసినాడు.

అవ్వ ఏం వదులుకున్నదో తెలియాలంటే ఆమెకు చేపంటే ఏమిటో తెలియాలి. శనివారం ఒక్కటీ వెంకటేశ్వరస్వామికి వదిలిపెట్టి మిగిలిన వారమంతా తనదనే మనిషి. వంజరం పులుసు వండిన పూటకంటే మర్నాటికి బాగుంటుందని, అందుకని రెండు రోజులకు సరిపడా వండించి రెండు రుచులూ చూసే మనిషి. ఆ మనిషి అమ్మకు నిర్ణయించిన వెల్లుల్లి కారం, పాత బియ్యం, కాచిన నీళ్లు, అన్నీ పోగు చేసి తన కంచంలో వేసుకున్నది. పుండు మానినాక మాత్రలు మళ్లీ మొదలుపెట్టవలసిన రోజు పొద్దున అమ్మ మాత్రను అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే, అవ్వ ఎదురుగా పీట వేసుకుని ఆ కారం మెతుకులు ఒక్కొక్క ముద్దా మింగింది. బతిమాలలేదు. అమ్మ కాసేపు చూసి, మాత్ర నోట్లో వేసుకుని చెయ్యి చాపింది. నేను చెంబు అందించినాను. అత్త అట్లా నోరు కట్టుకుని కూర్చుంటే ఏ కోడలు మందు మానగలుగుతుంది?

ఇక అక్కణ్ణుంచి మొదలు నీళ్ల పండగ. మా ఇంటి బావి ఉప్పన. తాగే నీళ్లు ఇసుక దిబ్బల కింద చెలమల్లో ఊరేవి, చిప్పతో తోడి కడవలో నింపుకుని మోసుకురావాలి. ఆ పని పాలేరుకు చెప్పనియ్యలేదు అవ్వ, తానే పోయేది. తెచ్చిన కడవలో వట్టివేళ్లు వేసి, మంచం పక్కన ఇసుక మీద నిలబెట్టి, కళ్లంలో వడ్లు కొలిపించే పెద్దరైతు మాదిరి పక్కన కూర్చునేది. "తాగు." ఇప్పుడే తాగినానత్తా. "అది ఇందాకటిది. ఇది ఇప్పటిది, తాగు." ఒకరోజు అమ్మ విసుగెత్తి, "నేను మనిషినా, మడి కాలవనా?" అంటే, "కాలవైతే ఇంత అడగదు, గమ్మున తాగు" అన్నది. అమ్మకు నవ్వొచ్చింది. ఆ ఎండాకాలంలో నేను చూసిన మొదటి నవ్వు అది. నవ్వితే పగిలిన పెదవి నొప్పి పెట్టి వెంటనే ఆపుకున్నది.

ఆపుకోకూడని దాని కోసం నాయన దొడ్లో తాటాకు దడి కట్టినాడు. నాలుగు వైపులా మూసి, లోపల రాయి పరిచి, సున్నం చల్లి, తలుపుకు గోనెపట్టా వేలాడదీసినాడు. పగటిపూట ఆడమనిషి తలెత్తుకుని పోగలిగిన చోటు మా వీధిలో అదే మొదటిది. మొదటి వారం ఆడవాళ్లు వింత చూడటానికి వచ్చినారు. రెండో వారం నుంచి చూడటానికి రాలేదు, మామూలుగా వచ్చిపోయినారు. నాయన ఏమీ తెలియనట్టు గొడ్లసావిడిని అవతలి పక్కకు మార్పించినాడు.

వాంతులు ఆగలేదు గాని వాటికి వేళలు తెలిసినాయి. మాత్ర మింగినాక ఇంతసేపటికి వస్తుందని తెలిస్తే దానికి ముందో వెనుకో గంజిలో నిమ్మకాయ పిండి ఇచ్చేవాళ్లం. నోటి పుండ్లకు తాటిముంజెలు. నములకుండా చల్లగా జారిపోయేవి. ముంజెల కాలం పోయినాక సగ్గుబియ్యం. జుట్టు మాత్రం దువ్వెనకు వచ్చేది, తర్వాత చేతికే వచ్చేది. అమ్మ జడ మా ఊరికి కొలబద్ద. పెళ్లిచూపుల్లో ఏ పిల్ల జడనైనా అమ్మ జడలో సగమనో ముప్పాతికనో చెప్పుకునేవాళ్లు. అది పోయినాక తల మీద పైట కప్పుకుని బయటికొస్తే, కొండకు పోయి తలనీలాలిచ్చి వచ్చిందని ఊరే అనుకున్నది. మేము అవుననలేదు, కాదనలేదు. కాని దేవుడి పేరు మీద ఆ అబద్ధం నిలవడం అవ్వకు నచ్చలేదు. రాలిన వెంట్రుకలన్నీ ఏరి పసుపు గుడ్డలో కట్టి నాయనకిచ్చి కొండకు పంపింది. ఆయన వాటిని స్వామికి అప్పగించి లడ్డూలతో తిరిగొచ్చినాడు. అబద్ధాన్ని నిజం చెయ్యడానికి అంత శ్రమ పడినవాళ్లను తర్వాత నేను చూడలేదు.

ఆ మాత్రలతో అమ్మ రెండేళ్లు తిరిగింది. తిరిగింది అంటే నిజంగానే, చేలోకి, నాట్ల దగ్గరికి, మా చిన్నమ్మ ఇంటికి నాయుడుపేటకు. నెలనెలా మద్రాసులో రక్తం చూసేవాళ్లు, తగ్గితే మాత్రలు కొన్నాళ్లు ఆపేవాళ్లు, ఆపినప్పుడు జుట్టు మళ్లీ మొలిచేది. ఒకసారి ఉంగరాలుగా మొలిచింది. పుట్టినప్పటినుంచి చువ్వల్లాంటి జుట్టున్న మనిషి, అద్దం ముందు నిలబడి, "ఇది ఎవురిదో నాకొచ్చిందే" అన్నది. కొండ మీద మారిపోయి ఉంటుందని నేనంటే నెత్తిన ఒకటి మొట్టింది. ఆ మధ్యలో నేను బి.ఏ. ముగించి నెల్లూరులో బడిపంతులమ్మనైనాను. ఇంత జరిగినా అవ్వ పథ్యం మాత్రం మాత్రలతో పాటు ఆగుతూ మొదలవుతూ ఉండలేదు. అది ఒకే పట్టు. కోర్సు పూర్తి కాకుండా విడిస్తే మందుకు కోపమొస్తుందని ఆమె లెక్క.

రెండేళ్లు నిండి వానలు పడే వేళకు అమ్మ కడుపు మళ్లీ ఎత్తు కావడం మొదలైంది. ఈసారి పుల్ల మామిడికాయలు ఎవరూ తెప్పించలేదు. మద్రాసులో సూది గుచ్చి కడుపులోంచి నీళ్లు తీసినారు. డాక్టరమ్మ నాయన్నూ, బడికి సెలవు పెట్టి వెంట పోయిన నన్నూ వరండాలోకి పిలిచి, మాత్రలు ఇక వద్దు, ఆమెకు ఏది తినాలనిపిస్తే అది పెట్టండని చెప్పింది. ఆ మాట ఈసారి తెలుగులోనే చెప్పింది. గట్టి గొంతు మనిషి, మెల్లగా చెప్పింది.

ఇల్లు చేరినాక, నేను దొడ్లో గిన్నెలు తోముతుంటే అవ్వ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నది. కాసేపు బూడిద అందించింది. తర్వాత, నా మొహం చూడకుండా అడిగింది: "ఆ తీసిన నీళ్లు... నేను తాపినవేనా మే?" కాదవ్వా, అవి గడ్డ పుట్టించిన నీళ్లు, నువ్వు తాపినవి ఎప్పటికప్పుడే పోయినాయి, అవి పోబట్టే అమ్మ ఇన్నాళ్లు తిరిగింది అని, నాకు తెలిసినంతలో, బడిలో పిల్లలకు చెప్పినట్టు మళ్లీ మళ్లీ చెప్పినాను. తలూపింది. తోమిన గిన్నెనే మళ్లీ తీసుకుని తోమింది. నమ్మలేదని నాకు తెలుసు. అవ్వ దిగులు అమ్మకూ తెలుసునని మాత్రం అప్పుడు నాకు తెలియదు.

మాత్రలు మానిన కొన్ని రోజులకు వాంతులు నిలిచిపోయినాయి. అమ్మ నాయన్ను పిలిచి వంజరం తెమ్మన్నది. ఆయన కృష్ణపట్నం రేవుకు పోయి పడవ దగ్గరే తెచ్చినాడు. అమ్మ మంచం మీద నుంచి చెప్తుంటే నేను వండినాను, చింతపండు ఇంత కాదు అంత, ఎండు మామిడి ముక్కలు ఇప్పుడు కాదు తర్వాత, గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పు. పులుసు ఉడుకు పట్టేసరికి అవ్వ చెలమ దగ్గర్నుంచి కడవతో వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందే ఈ వాసన? దానికి పడదని తెలీదా, చదువుకున్నదానా?" మంచం మీద నుంచి అమ్మ అన్నది: "మాత్రలు మానినాం గదత్తా. ఇప్పుడు పడతాది."

అవ్వ కడవ దించలేదు. అమ్మే మళ్లీ అన్నది. "మందైపోయింది. పథ్యం విడవాల. రా, కూర్చో."

అవ్వ తనకు చేపల మీద మనసు పోయిందనీ, ఈ వయసులో కారం మెతుకులే ఒంటికి సుఖమనీ ఏమేమో చెప్పింది. అమ్మ అంతా విన్నది. "మా నాయన చెప్పేవాడు, మా అక్కకు చేప కనపడితే మొగుడు కనపడడని." "వాడి నోట్లో మన్ను" అన్నది అవ్వ, అలవాటు చొప్పున, చచ్చి స్వర్గాన ఉన్న తమ్ముణ్ణి. కడవ దించి మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నది. అమ్మ గిన్నె ఒళ్లో పెట్టించుకుని, ముక్క చిదిపి అన్నంలో కలిపి, ముద్ద చేసి అత్త నోటికి అందించింది. ముద్ద జారకుండా రెండో చేత్తో తన మణికట్టు పట్టుకున్నది. "నీ పథ్యం పని చేసిందత్తా. రెండేళ్లు పని చేసింది. చాలు" అన్నది. అవ్వ నమిలింది, మింగింది, పైట కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని, గొంతులో ముల్లు గుచ్చుకున్నదని చెప్పింది. వంజరానికి నడిమి ముల్లు తప్ప వేరే ముల్లుండదు. ఆ సంగతి మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎవరమూ అనలేదు.

అమ్మ ఆ చలికాలం దాటలేదు.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయినాక ఒక మధ్యాహ్నం నేనూ అవ్వా చావిట్లో కూర్చుని ఉన్నాము. సముద్రపు గాలి వీస్తోంది. మా ఇల్లు వీధికి పడమటి చివర గనుక ఆ గాలి వీచినంతసేపూ వీధిలో ఏ పొయ్యి మీద ఏమున్నదో మాకే ముందు తెలిసేది. ఎండు నెత్తళ్లు కాలుస్తున్న వాసన వచ్చింది. రేవుకు అంత దగ్గర ఊళ్లో అదేం వింత వాసన కాదు. కాని అవ్వ తలెత్తింది, నేనూ తలెత్తినాను. ఆ వాసన తగిలి రెండేళ్లయింది. అవ్వ లేచి గోడ దగ్గరికి పోయి పక్కింటామెను పిలిచింది. "ఏమ్మే, ఇన్నాళ్లూ ఎండుచేపలు కాల్చలేదా మీరు?" అవతల ఆమె పొయ్యి దగ్గర్నుంచే అన్నది: "కాల్చకుండా ఎట్టా తింటాం పెద్దమ్మా. తెల్లారే, గాలి సముద్రం పక్కకు పొయ్యేటప్పుడు కాల్చుకునేవాళ్లం. మీ కోడలికి పడదు గదా." "వీధంతానా?" "ఆఁ." "ఎవురు చెప్పినారు మీకు?" "ఎవురు చెప్పాల?" అన్నది ఆమె.

ఇప్పుడు ఇదే జబ్బుకు ఎన్నో మందులున్నాయి. వాంతి రాకుండా మందు ముందే ఎక్కిస్తున్నారు, ఇంటింటికీ కుళాయి, ఇంటింటికీ మరుగుదొడ్డి, జబ్బును దాని పేరుతోనే పిలుస్తున్నారు. ఇవన్నీ అప్పుడుంటే మా అమ్మ ఇంకొన్నాళ్లుండేదేమో. ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకునేంత తెలివితక్కువదాన్ని కాను. ఆడవాళ్లు చీకటి కోసం కాచుకున్న రోజులవి. అయినా ఒకటి మాత్రం అనిపిస్తుంది. అప్పట్లో ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే అది ఆ ఒక్కరిదిగా ఉండేది కాదు. ఇల్లు కొంత మోసేది, వీధి కొంత మోసేది, మోస్తున్నట్టు రోగికి తెలియనిచ్చేవాళ్లు కాదు. నేనిప్పుడుండేది నెల్లూరులో నాలుగంతస్తుల మేడలో. కింది వాటాలో ఒకామెకు ఏదో పెద్ద వైద్యం జరుగుతున్నదని వాచ్‌మన్ చెప్పగా విన్నాను. నా వంటింటి కిటికీ అటువైపే తెరుచుకుంటుంది. ఇన్నేళ్లుగా ఉంటున్నాను గాని, ఇక్కడ ఏ వేళకు గాలి ఎటు వీస్తుందో నేనింతవరకు చూడలేదు.